చట్టం ఇస్తానన్న తుపాకీ ఏదీ?

నల్లమల అంచున చేను ఉన్న రైతుకు కంకి పాలు పోసుకున్న రోజు నుంచి కోత దాకా రాత్రి నిద్ర ఉండదు. అహోబిలం, రుద్రవరం, శిరివెళ్ల, మహానంది, చాగలమర్రి వైపు ఏ ఊరికి పోయి అడిగినా ఇదే మాట. అడవిపందుల మంద ఒక్క రాత్రి దిగితే మొక్కజొన్న చేను తెల్లారేసరికి నేలమట్టం. మంచె మీద డబ్బా కొట్టి, టపాకాయ కాల్చి, టార్చిలైటు తిప్పి ఎన్ని రాత్రులు కాస్తాడు? పంది నాలుగు రోజుల్లో చప్పుడుకు అలవాటు పడుతుంది. రైతు మాత్రం అప్పుకు అలవాటు పడలేడు.

ఈ రైతుకు చట్టం ఒక హక్కు ఇచ్చింది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదవండి. నిజంగా పంట కాపలా కోసం మూతి నుంచి మందు కూరే తుపాకీ అడిగిన పౌరుడికి లైసెన్సు 'ఇవ్వవచ్చు' అని అందులో లేదు, 'ఇవ్వాలి' అని ఉంది. ఆ తుపాకీ పంట కాపలాకు చాలదని అధికారికి తోస్తే, గొట్టం లోపల నున్నగా ఉండే వేరే తుపాకీకి కూడా లైసెన్సు ఇవ్వవచ్చని అదే సెక్షన్ చెబుతుంది. ఆస్తి తక్కువ ఉందన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. కాదంటే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. పై అధికారికి అప్పీలు చేసుకునే దారి 18వ సెక్షన్‌లో ఉంది. పోలీసు నివేదిక 30 రోజుల్లో పంపాలని 2016 ఆయుధాల నియమాలు గడువు కూడా పెట్టాయి.

మరి రెండెకరాల రైతు కలెక్టరేటుకు పోతే ఏమవుతోంది? కాగితం తీసుకుంటే రసీదు ఇవ్వరు. రసీదు ఇస్తే నివేదిక రాదు. నివేదిక వస్తే జవాబు రాదు. కాదన్న మాట కాగితం మీద పెడితే అప్పీలుకు పోతాడని, అసలు ఏ మాటా చెప్పకుండానే తిప్పుతారు.

దీనికి అధికారులు నోటితో చెప్పే కారణం ఒకటే. ఆళ్లగడ్డ, నంద్యాల అంటే ఫ్యాక్షన్ సీమ, ఇక్కడ తుపాకులు పెరగకూడదు అని. ఈ వాదనను దాటవేయనక్కరలేదు, సూటిగానే ఎదుర్కొందాం. ఫ్యాక్షన్‌లో మన ఊళ్లు తగలబడింది నాటుబాంబులతో, వేటకొడవళ్లతో. వాటికి ఏ కలెక్టరు లైసెన్సు ఇచ్చాడు? ఒకసారి పేల్చి, మళ్లీ మందు కూరి, గుండ్లు పోసి, గజంతో దట్టించి గానీ రెండోసారి పేల్చలేని తుపాకీతో ఫ్యాక్షన్ ఎవడు చేస్తాడు? జిల్లాలో ఉన్న లైసెన్సుల లెక్క బయట పెట్టండి: ఆత్మరక్షణ పేరుతో ఎన్ని, పంట కాపలా పేరుతో ఎన్ని? ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ప్రభుత్వం ఎవరిని నమ్ముతోందో, ఎవరిని అనుమానిస్తోందో జనమే తేల్చుకుంటారు.

లైసెన్సు ఇవ్వనంత మాత్రాన పల్లెలో తుపాకీ లేకుండా పోదు. మంచి తుపాకీ లేకుండా పోతుంది, అంతే.

ఈ తేడా ఎంతటిదో తెలియాలంటే గొట్టంలో ఏం జరుగుతుందో తెలియాలి. మందు అంటుకున్న క్షణంలో అదంతా వాయువై గొట్టం గోడల్ని తోస్తుంది. లారీ టైరులో గాలి ఒత్తిడి సుమారు 8 బార్లు. మామూలు 12 బోరు తూటాకు అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే గరిష్ఠ ఒత్తిడి 740 బార్లు. వేటకూ సైన్యానికీ వాడే రైఫిళ్లలో చాలావాటికి అది నాలుగైదు రెట్లు. అందుకే ఫ్యాక్టరీలో తయారైన తుపాకీని అమ్మే ముందు, మామూలు కంటే బలమైన పరీక్ష తూటా పేల్చి, గొట్టం ఉబ్బిందా, చీలిందా చూసి, నిలిచినదానికే ముద్ర వేస్తారు. 12 బోరుకు ఆ పరీక్ష ఒత్తిడి గరిష్ఠం కంటే సుమారు 25 శాతం ఎక్కువ. ఇంగ్లాండులో బర్మింగ్‌హామ్ పరీక్షాలయం 1813 నుంచి చేస్తున్న పని ఇదే. ఆ ముద్ర అలంకారం కాదు, పేల్చేవాడి కళ్లకూ చేతులకూ ఇచ్చిన హామీ.

దొంగచాటుగా కొన్న నాటు తుపాకీకి ఆ హామీ ఎవరిస్తారు? నీళ్లకో గాలికో చేసిన ఇనుప పైపు దాని గొట్టం. అందులో పడే మందు ఏమిటో, ఎంతో అమ్మినవాడికే తెలియదు. నల్ల తుపాకి మందు కోసం చేసిన గొట్టంలో ఆధునిక పొగరాని మందు పడితే అది పగిలేది పంది వైపు కాదు, రైతు ముఖం వైపు.

లైసెన్సు ఉన్న రైతుకైనా దారి సుఖంగా లేదు. తాత నాటి తుపాకీ మూల నిలబెట్టి ఉంటుంది. గొట్టం లోపల తుప్పు, కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు, వదులైన గుర్రం. గొట్టంలో అడ్డు ఉండగా పేల్చితే ఒత్తిడి ఎటు పోతుంది? బాగు చేయించుకుందామంటే ఊరి కమ్మరి దగ్గరికి పోకూడదు. లైసెన్సు లేనివాడు తుపాకీ బాగుచేసినా, పరీక్షించినా 5వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష ఏడేళ్ల జైలు. నిషేధం సరైనదే, మేమూ కోరేది అదే. కానీ కమ్మరి కొలిమి మూసిన ప్రభుత్వం దాని బదులు ఏ తలుపు తెరిచింది? జిల్లా పోలీసు ఆయుధాగారంలో గొట్టం చూసి మంచిచెడ్డ చెప్పగల ఆర్మరర్లు ఉన్నారు. ఏడాదికి రెండు రోజులు వాళ్లను ఆళ్లగడ్డకు పంపితే ఎవరి సొమ్ము పోతుంది?

ఇది చాలదన్నట్టు ఎన్నికలు. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్. రబీ పంట చేలో ఉండే కాలమే కోడ్ కాలమైంది. ఎవరి ఆయుధం అప్పగించాలో విడివిడిగా పరిశీలించేందుకు ఎన్నికల సంఘం జిల్లాకో స్క్రీనింగ్ కమిటీ పెట్టమంది. గొడవల చరిత్ర లేని పంట కాపలాదారుకు ఆ కమిటీ మినహాయింపు ఎందుకు ఇవ్వకూడదు?

తలుపులన్నీ మూసుకుంటే మిగిలేది కరెంటు తీగ. ఆ తీగ పందిని, పక్క చేని మనిషిని వేరు చేసి చూడదు. నీళ్లు కట్టడానికి పోయిన కూలీని చంపుతుంది, పాపం చేసిన రైతును జైలుకు పంపుతుంది. పందుల కోసం పెట్టిన బాంబు ఉండ కొరికి ఎద్దు దవడ పగులుతుంది. నల్లమల పులుల అభయారణ్యం పక్కనే ఈ తీగలున్నాయి. పులికైనా పందికైనా మనిషికైనా అది ఒకటే ఉరి. అడవి మీద ప్రేమ ఉన్నవాళ్లు ముందు అడగవలసింది తీగను తీసేసే దారి.

మేం వేట అడగడం లేదు. రైఫిల్ కూడా అడగడం లేదు. దాని గుండు కిలోమీటరు దాటి పోతుంది, చేల మధ్య ఊళ్లున్న చోట అది పనికిరాదు. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే అనుమతి వచ్చినట్టు కాదని కూడా మన రైతులు గుర్తుంచుకోవాలి. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీశాఖ విడిగా అనుమతి ఇవ్వాలి. నిలిచిన పంటకు ప్రమాదం వచ్చినా అది ఇవ్వవచ్చని ఆ సెక్షన్‌లోనే ఉంది. కేరళ ప్రభుత్వం 2022లో ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా తెచ్చింది. కేరళలో సాధ్యమైనది కర్నూలు, నంద్యాలలో ఎందుకు కాదు?

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరి తీసిన తెల్లదొరలు 1878లో ఆయుధాల చట్టం తెచ్చి దేశం మొత్తాన్ని నిరాయుధం చేశారు. నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకోవడం పౌరుడి హక్కని 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానించింది. ఆ తీర్మానం చేసిన వాళ్ల వారసుల పాలనలో మన రైతును ఇంకా దొరల కంటితోనే చూస్తున్నారు.

మన డిమాండ్లు ఇవి:

1. పంట కాపలా దరఖాస్తుకు అదే రోజు రసీదు, గడువులోగా రాతపూర్వక జవాబు.
2. నంద్యాల, ఆళ్లగడ్డలలో ఏటా ఖరీఫ్‌కు ముందు ఆర్మరర్లతో ఉచిత తనిఖీ శిబిరం. పనికిరాని తుపాకీ అప్పగించినవారికి అదే లైసెన్సుపై పరీక్ష ముద్ర ఉన్నది కొనుక్కునే వెసులుబాటు.
3. ఎన్నికల వేళ పంట కాపలా తుపాకులకు విడి పరిశీలన.
4. నల్లమల అంచు మండలాల్లో పంచాయతీ స్థాయిలోనే 11వ సెక్షన్ అనుమతి.
5. లైసెన్సుల లెక్క విభాగాల వారీగా బహిరంగం.

సోదరులారా, నాటు తుపాకీ కొనకండి, తీగ పెట్టకండి. ఒక్కొక్కరుగా పోయి తిరిగి రాకండి. గ్రామ శాఖల వారీగా దరఖాస్తులు రాయించి, పాసుపుస్తకం నకలు, పంట నష్టం ఫొటోలు జతచేసి, అందరం కలిసి కలెక్టరేటులో ఇద్దాం. రసీదు చేతిలో పడేదాకా అక్కడి నుంచి కదలవద్దు.