సాక్ష్యానికి పనికొచ్చిన చేతులు

చాదర్‌ఘాట్ చరిత్ర రాయబోతే కలం కోఠీ రెసిడెన్సీ వైపే పోతుంది. కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథ మనకు కంఠతా వచ్చు. ఆ భవనం చుట్టూ పెరిగిన బజార్లలో బతికిన బధిరుల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. వాళ్లకు మనం సామెతల్లో చోటిచ్చాం. చేంతాడు అడిగితే చెవిపోగుల మాట ఎత్తే పెద్దమ్మను తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం.

కాగితాల్లో వాళ్ల జాడ తీస్తే ముందు దొరికేవి జనాభా లెక్కలు. నిజాం రాజ్యంలో మొదటి లెక్క 1881లో జరిగింది. చెవిటి-మూగలు, చూపు లేనివారు, కుష్ఠు రోగులు, మతి చలించినవారు అందరూ ఆనాటి జనగణనల్లో ఒకే శీర్షిక కింద చేరేవారు. 1931 దాకా దేశమంతా అదే వరస. అలా లెక్కకెక్కిన బధిరుడు ఇంట్లో ఎవరితో ఏ సైగలతో మాట్లాడాడో ఆ అంకెలు చెప్పవు.

అసలు విడ్డూరం చట్టంలో ఉంది. పుట్టు చెవిటికీ మూగకూ ఆస్తిలో వాటా లేదు, తిండీ బట్టా ఇస్తే చాలునన్నాయి ధర్మశాస్త్రాలు. 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసింది ఆ శాస్త్రాల్లో ఒకదానికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానాన్నే. తెల్లదొరల కోర్టులూ ఆ మాటనే పట్టుకున్నాయి. బ్రిటిష్ ఇండియాలో ఆ అనర్హత 1928లో గానీ తొలగలేదు. కానీ 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 119వ సెక్షన్, మాట రాని సాక్షి నిండు కోర్టులో సైగలతో చెప్పినా అది నోటి సాక్ష్యమేనంది. అంటే, మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు జిల్లాల్లో 56 ఏళ్లపాటు పుట్టు బధిరుడి చేతులు పక్కవాడి పొలం తగాదాలో సాక్ష్యానికి పనికొచ్చాయి. తండ్రి పొలంలో వాటా అడగడానికి పనికిరాలేదు! ఇంతకన్నా నిలువెత్తు అన్యాయం వెతికినా దొరకదు.

బధిరులకు బడులు వచ్చాయి: 1880లలో బొంబాయిలో, 1893లో కలకత్తాలో. అప్పటికే బధిరుల చదువుపై 1880లో మిలాన్‌లో జరిగిన మహాసభ సైగలు వద్దు, నోటితోనే పలికించాలని తీర్మానించి కూర్చుంది. చదువు పేరుతో చేతులు కట్టేసే పద్ధతి ప్రపంచమంతా పాకింది.

సాక్ష్యాధారాల చట్టానికి 2013లో చేసిన సవరణతో సాక్షి సైగలకు దుబాసీ, వీడియో తోడయ్యాయి. ఇవాళ నాంపల్లి కోర్టుకూ వర్తించేది ఆ నిబంధనే. కోర్టు చేయగలిగింది పత్రిక చేయలేదా? మీ ఇంట్లో, వీధిలో బధిర వృద్ధులుంటే వాళ్ల అనుమతితో వాళ్లు చెప్పింది వీడియో తీసి పంపండి. సైగలు తెలిసినవారి చేత తెలుగు చేయించి, చెప్పినవారి పేరుతోనే అచ్చువేస్తాం.