ముడి వేసిన సంచిలోకి ఏ కన్నూ చూడలేదు

కూచిపూడి గ్రామస్థులకు, నాట్యం నేర్పే గురువులకు, నేర్చుకునే పిల్లలకు, ఉత్సవాలకు వచ్చిపోయే అతిథులకు ఒక విజ్ఞప్తి.

మొన్నామధ్య ఒక ఉదయం చెత్తబండి ఈల వినపడగానే కవరు ముడేసి గేటు బయట పెట్టాను. బండి తోసుకొచ్చినావిడ ముడి విప్పి చెయ్యి పెట్టీపెట్టగానే "అమ్మా" అంది. అందులో నేను పారేసిన పాత బ్లేడుంది. చూపుడువేలి కొసన నెత్తురు చుక్క. కొంగుతో వేలు అదిమిపట్టి, "మాస్టారూ, కాయితంలో చుట్టి ఇడిగా ఇవ్వకూడదాండీ?" అని, బండి తోసుకుని పోయింది. ఈ నాలుగు ముక్కలూ ఆ వేలు రాయిస్తున్నవే.

సాయంత్రం అరుగు మీద ఈ సంగతి చెబితే ఒక కుర్రాడు, "ఇంకెన్నాళ్లండీ, ఏఐ వచ్చేసిందిగా, చెత్త అదే ఏరుకుంటుంది" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. బెల్టు మీద చెత్త కదిలిపోతుంటే పైనున్న కెమెరా, పరారుణ కాంతి కలిసి ఏ సీసా ఏ రకం ప్లాస్టిక్కో పోల్చుకుంటాయి. గాలి ఊది దేని గంపలోకి దాన్ని తోసేస్తాయి. ఎవరి వేలూ తెగదు. బండ్లు ఏ దారిన తిరిగితే డీజిల్ కలిసొస్తుందో, కాలువ గట్టున ఎక్కడ పదేపదే కుప్పలు పడుతున్నాయో కూడా కృత్రిమ మేధ చెప్పగలదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యనుంచి పారే విజయవాడకు ఇది చిన్న సాయం కాదు. అక్కడ నీళ్లలో వేసిన కవరు దిగువన ఎవరి చేలోనో తేలుతుంది.

అయితే యంత్రం కూడా మన పిల్లల్లాగే చూసి నేర్చుకోవాలి. హస్తముద్రల్లో పతాకానికీ త్రిపతాకానికీ తేడా ఒక్క ఉంగరపువేలు వంపే. గురువు పదిసార్లు దిద్దితే పిల్లకు పట్టుబడుతుంది. యంత్రానికి వేల ఫోటోలు చూపించాలి. పరాయి దేశపు చెత్తకుండీల ఫోటోలతో చదువుకున్నది మన పెళ్లిపందిరి వెనక ఎంగిలి విస్తళ్లనూ, అరటినారకు గుచ్చిన బంతిపూలనూ, మునక్కాడ పిప్పినీ చూస్తే తడబడదా? బిర్యానీ పార్సిల్ వచ్చే నల్ల డబ్బా సంగతి మరీ విడ్డూరం. ఆ ప్లాస్టిక్కులో కలిపిన మసి పరారుణ కాంతిని మింగేస్తుంది, అందుకని ఇలాంటి యంత్రాల్లో చాలావాటికి అది అసలు ఆనదు. ఇక ముడేసిన సంచి దానికి వట్టి సంచే. లోపల బ్లేడుందో, డైపరుందో, నిన్నటి పులుసుందో దానికేం తెలుసు? పులుసులో నానిన కాగితాన్ని ఎంత తెలివైన యంత్రం ఏరినా కొనేవాడుండడు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు డ్రోన్లు మేడల మీదికి అన్నం పొట్లాలు దించాయి. ఆ మేలు మరిచిపోలేం. నీళ్లు తీశాక ఇళ్ల ముందు పడ్డ పరుపులనూ, వాకిళ్లలో పేరుకున్న బురదనూ ఎత్తింది మాత్రం పారలు పట్టుకుని ఊరూరి నుంచీ వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు.

వాళ్ల మీదికే ముందుగా కెమెరా తిరుగుతోంది. దొంగ వేలిముద్రల హాజరు ఆపడానికి హైదరాబాద్ నగరపాలక సంస్థ 2024లో పారిశుద్ధ్య కార్మికులకు ముఖం గుర్తించే హాజరు తెచ్చింది. దొంగ హాజరు ఆగాల్సిందే. కానీ తెల్లవారుజామున మసక వెలుతురులో కెమెరా మొహాన్ని పోల్చుకోకపోతే, ఆ పూట కూలి ఎవరిస్తారు? పైగా ఈ యంత్రాల తెలివికి కరెంటూ నీళ్లూ కావాలి. విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అలాంటి కేంద్రాల్లో పాతబడ్డ పరికరాలూ ఒకనాటికి చెత్తే. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. లెక్కప్రకారం సేకరించి రీసైక్లింగ్ చేసింది అందులో నాలుగో వంతు కూడా లేదు.

అలాగని యంత్రం వద్దనడం లేదు. అది వచ్చేలోపు మన వంతు పని ఇది:

1. తడి, పొడి, ప్రమాదకర చెత్త విడివిడిగా ఇద్దాం. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పింది కూడా ఇదే. తడి చెత్త శుభ్రంగా వస్తేనే పంచాయతీ షెడ్డులో వానపాముల ఎరువవుతుంది.

2. బ్లేడు, సూది, పగిలిన గాజు మందపాటి కాగితంలో చుట్టి, పైన ఎర్ర గీత గీసి చేతికిద్దాం. డైపర్లు, ప్యాడ్లు కూడా అంతే.

3. ఉత్సవాల నిర్వాహకులు విస్తరాకులు, స్టీలు గ్లాసులు వాడాలి. నీళ్ల సీసాలు తప్పకపోతే సీసాకు పది రూపాయలు డిపాజిట్ పెట్టండి. 2022లో కేదార్‌నాథ్‌లో హైదరాబాదు సంస్థ రీసైకల్ ఈ పద్ధతే నడిపింది. ఖాళీ సీసాను వెనక్కి రప్పించడానికి పది రూపాయల ఆశ చాలు.

4. రేపు ఎవరైనా స్మార్ట్ కెమెరా, స్మార్ట్ కుండీ అంటూ వస్తే గ్రామసభలో నాలుగు మాటలు అడుగుదాం. మన మొహాల ఫోటోలు ఎవరి దగ్గరుంటాయి? పాడైతే బాగుచేసేదెవరు, ఎన్ని రోజుల్లో? బండి తోసేవాళ్ల ఉపాధి ఏమవుతుంది? యంత్రం వల్ల మిగిలే డబ్బులో వాళ్లకు చేతి తొడుగులు వస్తాయా?

శుభ్రత మన ఊరికి కొత్తగా నేర్పాల్సిన పాఠం కాదు. మన వీధి నాటకంలో పాత్ర తెర వెనక నుంచి రాకముందే రంగస్థలం మీద నీళ్లు చల్లి, ముగ్గుపెట్టి, దీపం చూపించడం ఆచారం. మరి నాటకం ముగిసి జనం లేచాక ఆ వీధి ఎలా ఉంటోంది?

2025 జనవరి నుంచి రాష్ట్రంలో నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. వచ్చే మూడో శనివారం ఇంటికో మనిషి రండి. ఎవరి వీధిలో వాళ్లం, చెత్తబండి వెంట ఒక్క పూట నడుద్దాం. మన సంచుల ముడులు మన చేతులతోనే విప్పి చూద్దాం.

ఆవిడ వేలు మానింది. అయినా మా గేటు దగ్గర సంచి అందుకోబోతూ ఇప్పటికీ ఒక్క క్షణం చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఆ వెనకాడే చెయ్యి మన ఊళ్లో ఏ గుమ్మం ముందూ కనపడకూడదు.

ఇట్లు,
మీ ఊరి పాత మాస్టారు