భూమిలో ఇంకిన పెట్రోలు తవ్వి తీయాలంటే రేట్లు పెంచాల్సిందే!



ఇల్లినాయ్‌లో కారుకు గ్యాస్ పోయించుకున్న ప్రతిసారీ మీరు గాలనుకు 1.1 సెంట్లు ఒక నిధి కోసం కడుతున్నారు. అందులో 0.3 సెంట్లు ట్యాంకు పన్ను, 0.8 సెంట్లు పర్యావరణ రుసుము. పంపు మీద కనిపించే ధరలోనే కలిసిపోయి ఉంటాయి గనుక చాలామందికి ఈ సంగతి తెలియదు. గ్యాస్ స్టేషన్ కింద పాతిన ట్యాంకు కారితే, ఆ నేలనూ నీటినీ శుభ్రం చేయించిన యజమానికి ఖర్చు తిరిగి ఇవ్వడానికి 1989లో పెట్టిన నిధి ఇది. కానీ ఆ తిరిగి ఇచ్చే రేట్లు ఈ రోజు పని ఖర్చును అందుకోలేకపోతున్నాయి.

రేట్ల పట్టిక పుట్టింది 2006లో. అప్పుడు కలుషితమైన మట్టిని తవ్వి, లారీకెత్తి, ల్యాండ్‌ఫిల్‌లో పడేయడానికి క్యూబిక్ యార్డుకు 57 డాలర్లు. ఆ గోతిని మంచి మట్టితో పూడ్చడానికి 20 డాలర్లు. ఏటా జులై 1న ఈ అంకెలను ద్రవ్యోల్బణాన్ని బట్టి పెంచాలన్న నియమం కూడా అందులోనే ఉంది. ఆ నియమం రాసినవాళ్ళను మెచ్చుకోవాలి. అయితే అదే నియమంలో ఒక గొళ్ళెం ఉంది. పెంపు 1 శాతానికి తగ్గకూడదు, 5 శాతం దాటకూడదు.

మామూలు రోజుల్లో ఆ గొళ్ళెం ఎవరికీ అడ్డం రాలేదు. కానీ 2022 జూన్‌లో అమెరికాలో వినియోగ వస్తువుల ధరలు ఏడాదికి 9.1 శాతం చొప్పున పెరిగాయి. అంతకు ముందు నలభై ఏళ్ళలో అంత పెరుగుదల లేదు. 2006లో సగటున గాలను 3 డాలర్ల లోపు దొరికిన డీజిల్ ఆ నెలలో 5 డాలర్లు దాటింది. తవ్వకం పనిలో ఎక్స్‌కవేటరు, టిప్పరు, డ్రిల్లింగ్ రిగ్గు అన్నీ డీజిలు తాగేవే. ధరలు అంతలా పెరిగినా పట్టిక ఏడాదికి 5 శాతం దాటి పెరగడానికి వీల్లేదు. ఆగినది మరుసటి ఏడాదైనా కలిసి రాదు, ఆగిన అంకె మీదే కొత్త లెక్క మొదలవుతుంది. అంటే ఒక్క ఏడాది పోగొట్టుకున్నది శాశ్వతంగా పోయినట్టే. పైగా పెంపుకు కొలతగా తీసుకున్న సూచీ మొత్తం దేశ ఆర్థిక వ్యవస్థది. ల్యాండ్‌ఫిల్ గేటు దగ్గర టన్నుకు ఎంత వసూలు చేస్తున్నారో దానికి తెలియదు.

తిరిగి రావాల్సిన సొమ్ము సరిగా రాకపోతే ఏమవుతుందో మన తెలుగు నాట చూశాం. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ అందక కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేస్తే నష్టపోయింది పిల్లలు. ఇక్కడ నష్టపోయేది స్టేషన్ పక్కన కాపురముండేవాళ్ళు. కాంట్రాక్టరు గిట్టుబాటు కాని చిన్న పనికి రానంటాడు. ఒకే ఒక్క స్టేషన్ నడుపుకునే యజమాని ముందు తన జేబులోంచి పెట్టి, తేడా సొమ్మును అప్పుగా మోయాలి. మోయలేనివాడు పని సాగదీస్తాడు. ఆలోగా మట్టిలోంచి దిగిన పెట్రోలు భూగర్భ జలం మీద తెట్టులా తేలుతుంది. అందులోని బెంజీను నీటిలో కరిగి, నీరు పారే దిక్కుకు తానూ సాగుతుంది. బెంజీను క్యాన్సర్ కలిగిస్తుంది. అందుకే తాగునీటిలో లీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదని కేంద్ర ప్రభుత్వ పరిమితి. దాని ఆవిరి పునాది పగుళ్ళలోంచి బేస్‌మెంట్‌లోకి కూడా వస్తుంది. మన ఇళ్ళలో పిల్లలు ఆడుకునేది అక్కడే. పల్లెపట్టున సొంత బావి నీరు తాగే ఇంటికైతే ఆ నీటిని పరీక్షించే మున్సిపాలిటీ కూడా ఉండదు. నగరాలకూ ఈ బెడద తప్పదు. 1996లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరం, పెట్రోలులో కలిపే ఎంటీబీఈ అనే రసాయనం చేరడంతో తన తాగునీటిలో దాదాపు సగం ఇచ్చే బావులను మూసేసుకోవాల్సి వచ్చింది.

ఈ విన్నపం చేస్తున్న మాలో స్టేషన్లు నడిపేవాళ్ళున్నారు, రిగ్గు పక్కన నిలబడి మట్టి నమూనాలు తీసే ఇంజినీర్లున్నారు. రేట్లు పెరిగితే మాకూ మేలే, దాన్ని దాచడం లేదు. అయితే పెంచితే దోచుకుంటారన్న మాట నిలబడదు. పట్టికలోనిది గరిష్ఠ పరిమితి మాత్రమే, ఖర్చు చూపకుండా ఎవరికీ డబ్బు రాదు. ప్రణాళికలనూ, బడ్జెట్లనూ రాష్ట్ర పర్యావరణ సంస్థ పరిశీలిస్తుంది. మూడు టెండర్లు పిలిచి పట్టిక దాటే దారి ఉందిగా అంటారు. నిజమే, ఉంది. శికాగోకు దూరంగా, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఊరికి మూడు కంపెనీలను రప్పించడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళను అడగండి.

బిల్లులో కోత పడితే 35 రోజుల్లో ఇల్లినాయ్ కాలుష్య నియంత్రణ బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. కానీ అప్పీలులో బోర్డు ఉన్న నియమం ప్రకారమే తీర్పు చెప్పాలి, నియమాన్ని మార్చలేదు. దాన్ని మార్చడానికి దారి వేరు. రాష్ట్ర పర్యావరణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం ఎవరైనా బోర్డుకు సవరణ ప్రతిపాదించవచ్చు. దానితో పాటు కనీసం 200 మంది సంతకాలు జతచేయాలి. 200 మంది మనుషులు అన్నారే గానీ ఓటర్లు అనలేదు. గ్రీన్ కార్డు మీద, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు వెనకాడనక్కర్లేదు. ఈ నేల మీదే వాళ్ళ పిల్లలూ పెరుగుతున్నారు.

మేం అడిగేవి మూడు. 5 శాతం గొళ్ళెం వల్ల ఒక ఏడాది ఆగిన పెంపును మరుసటి ఏడాదికి కలపాలి. తవ్వకం, రవాణా, ల్యాండ్‌ఫిల్ రేట్లను నిర్మాణ రంగపు ధరలతో పోల్చి లెక్కగట్టాలి. మూడేళ్ళకోసారి మొత్తం పట్టికను బహిరంగ విచారణలో తిరగదోడాలి.

ఈ కాగితం మీకిచ్చిన వారి దగ్గరే సంతకాల పత్రం ఉంది. పేరు, చిరునామా చదవడానికి వీలుగా రాసి సంతకం పెట్టండి. గ్యాస్ స్టేషన్ ఉన్న బాబాయిలు, బావగార్లు కోత పడిన బిల్లుల నకళ్ళు తెచ్చివ్వండి. ఈ సవరణపై జరిగే విచారణలో బోర్డు ముందు పెట్టాల్సింది అవే. స్టేషన్ పక్కన ఇల్లున్నవాళ్ళు విచారణకు వచ్చి రెండు మాటలు చెప్పండి. ఇంగ్లీషులో మాట్లాడటానికి బెదురుగా ఉంటే రాసివ్వండి, రాసిచ్చిన వ్యాఖ్యను కూడా బోర్డు రికార్డులో చేరుస్తుంది.

ఇట్లు,
ఇల్లినాయ్‌లోని కొందరు తెలుగు గ్యాస్ స్టేషన్ యజమానులు, పర్యావరణ ఇంజినీర్లు, ఇరుగుపొరుగువారు