బస్తర్ రక్తంలో ఒక అక్షరం తప్పు: వైరస్ దిద్దగలదు, వైద్యం చేరగలదా?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ మనకు ఎక్కువగా ఎన్‌కౌంటర్ వార్తల్లోనే కనిపిస్తుంది. అక్కడి గోండు, మురియా, హల్బా, దొర్ల కుటుంబాల్లో తరతరాలుగా కొనసాగుతున్న సికిల్ సెల్ వ్యాధి మాత్రం అరుదుగా వార్త అవుతుంది. సుక్మా జిల్లాలోని కుంట మన చింతూరుకు పొరుగే. సరిహద్దుకు రెండువైపులా ఉన్న ఆదివాసులకు ఇది ఉమ్మడి సమస్య.

హీమోగ్లోబిన్ తయారీకి సూచనలిచ్చే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడమే ఈ వ్యాధికి మూలం. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఫలితం భరించలేని నొప్పులు, రక్తహీనత, దెబ్బతినే అవయవాలు. లోపం తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవారికి మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. మలేరియా ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే.

తప్పు జన్యువులో ఉంటే, సరైన జన్యువును కణంలోకి చేర్చలేమా? కణంలోకి చొరబడటంలో వైరస్‌ను మించినది లేదు. దాని హానికర భాగాలు తీసేసి, మనకు కావాల్సిన జన్యువును అందులో పెట్టి పంపడమే వైరస్ ఆధారిత జన్యు చికిత్స.

ఈ రంగానికి పునాది వేసినవారిలో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన భారతీయ శాస్త్రవేత్త అరుణ్ శ్రీవాస్తవ ఒకరు. మనుషులకు జబ్బు చేయని ఏఏవీ అనే చిన్న వైరస్ జన్యుక్రమాన్ని 1983లో ఆయన సహచరులతో కలిసి ప్రచురించారు. 4,675 అక్షరాల ఆ పటం తర్వాతి పరిశోధనలకు ఆధారమైంది. సహజ ఏఏవీని కణం చాలావరకు లోపలే ధ్వంసం చేస్తుందని, అందుకే డోసు భారీగా పెంచాల్సి వస్తోందని ఆయన బృందం గుర్తించింది. వైరస్ పైపెంకులోని కొన్ని టైరోసిన్ అణువులను మారిస్తే తక్కువ డోసుతోనే పని జరుగుతుందని 2008లో చూపింది.

తక్కువ డోసు అంటే ఖర్చు ఆదా మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడా. 2020లో ఒక కండరాల వ్యాధికి భారీ మోతాదులో ఏఏవీ ఇచ్చిన ప్రయోగంలో పిల్లలు చనిపోయారు.

అయితే సికిల్ సెల్‌కు ఏఏవీ ఒక్కటే చాలదు. అది మోసుకొచ్చిన జన్యువు సాధారణంగా క్రోమోజోములో కలవదు. నిరంతరం విభజన చెందే రక్త మూలకణాల్లో పలచబడిపోతుంది. అందుకే హెచ్ఐవీ నుంచి మలిచిన లెంటీవైరస్‌ను ఎంచుకున్నారు. దానితో తయారైన లిఫ్‌జీనియాను, జన్యువును కత్తిరించి దిద్దే క్యాస్‌జెవీని అమెరికా 2023 డిసెంబరు 8న ఒకే రోజు ఆమోదించింది. లిఫ్‌జీనియా ధర 31 లక్షల డాలర్లు, అంటే పాతిక కోట్ల రూపాయలకు పైనే.

మన దేశమూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. వెల్లూరు సీఎంసీలో లెంటీవైరస్‌తో ఐదుగురు హీమోఫీలియా రోగులకు చేసిన చికిత్స ఫలితాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి. సికిల్ సెల్ కోసం ఢిల్లీలోని ఐజీఐబీ రూపొందించిన క్రిస్పర్ చికిత్సను 2025 నవంబరులో 'బిర్సా 101' పేరుతో ప్రకటించారు. ఆదివాసీ వీరుడి పేరు పెట్టడం బాగుంది. అది ఆదివాసీ ఊరికి చేరడమే అసలు పరీక్ష.

ఎందుకంటే ఇది ఒక్క ఇంజెక్షన్‌తో అయిపోయేది కాదు. రోగి మూలకణాలను సేకరించి, ప్రయోగశాలలో దిద్ది, కీమోథెరపీతో ఎముక మజ్జను ఖాళీ చేసి, తిరిగి ఎక్కించాలి. వారాల తరబడి పెద్దాసుపత్రిలో ఉండాలి. మందు ఉచితంగా ఇచ్చినా, అడవి పల్లె కూలి కుటుంబం నగరంలో అన్నాళ్లు ఎలా గడుపుతుంది?

2047 నాటికి సికిల్ సెల్‌ను నిర్మూలించాలని, 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని 2023 జులై 1న కేంద్రం జాతీయ మిషన్ ప్రారంభించింది. పరీక్ష చేసి కార్డు చేతిలో పెట్టడంతో పని ముగియదు. నొప్పులను తగ్గించే హైడ్రాక్సీయూరియా పాత మందు, చవకైన మందు. అది ప్రతి నెలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకాలి. పుట్టిన బిడ్డకే పరీక్ష జరగాలి. టీకాలు, అవసరమైనప్పుడు రక్తం అందాలి.

నాలుగు దశాబ్దాల వైరస్ పరిశోధన రేపటి ఆశ. ఆ రేపటిని చూడాలంటే బస్తర్ బిడ్డ ఈ రోజు బతకాలి. ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమనడం న్యాయం కాదు, రెండూ ఆ బిడ్డ హక్కే.