రాకెట్ సరే, దేనికంట?

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా రేణిగుంటలో జనం మిద్దెలెక్కుతారు. 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ లేచింది. నేను చూసిన పేపర్లలో బరువు, ఎత్తు, కౌంట్‌డౌన్ అన్నీ ఉన్నాయి. దేనికోసమో మాత్రం 'బ్లాక్ హోల్ రహస్యాలు' అని తేల్చేశారు. ఇదెక్కడి చోద్యమండీ!

బ్లాక్ హోల్ చుట్టూ వాయువు పళ్ళెంలా తిరుగుతుంటుంది. తిరిగే ఊపు కొంత పోతే తప్ప లోపల పడదు. మామూలు రాపిడి అందుకు చాలదు. అక్కడ పనిచేసేది అయస్కాంత క్షేత్రం. కళ్ళంలో బంతి కట్టిన ఎడ్లని తలుచుకోండి. కాకపోతే ఇక్కడ లోపలి ఎద్దే జోరుగా పరిగెడుతుంది. పలుపు దాన్ని వెనక్కి గుంజుతుంది, అది ఊపు తగ్గి లోపలికి జారుతుంది. బయటిది ఆ ఊపు అందుకుని ఇంకా దూరం పోతుంది. పలుపు బలహీనమైనదైనా చాలు, అదే విచిత్రం! 1959లో వెలిఖోవ్, 1960లో మన చంద్రశేఖర్ ఈ లెక్క కట్టారు. పళ్ళేలకి ఇదే కీలకమని 1991లో బాల్బస్, హాలీ చెప్పేదాకా అది ఎవరూ తెరవని పాత ఫైల్‌లా పడుంది.

ఎక్స్‌పోశాట్ పని ఎక్స్ కిరణాల ధ్రువణం కొలవడం. కంటికందని ఆ వేడి వాయువు ఆకారాన్ని, క్షేత్రం తీరునీ ఊహించడానికి అదో ఆధారం.

ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయడానికేం రోగం? పక్కనే ఏర్పేడులో ఐసర్ ఉంది. ఒక్క ఫోన్ కొట్టి అడగొచ్చుగా!