ఇంకొంచెం దగ్గరికి పోనివ్వు బాబూ!

ఆఫ్రికా సఫారీకి వెళ్ళొచ్చామని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే - "అయిదూ కనిపించాయా?" అని. అయిదూ అంటే సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. ఈ పట్టీ రాసిపెట్టింది ఎవరనుకున్నారు? జంతువుల్ని ముద్దుచేసినవాళ్ళు కాదు. తుపాకీ పట్టుకుని కాలినడకన వేటకి పోయిన దొరలు! ఏ జంతువుని చంపడం కష్టమో, ఏది తిరగబడి మనిషినే చంపుతుందో లెక్కవేసి పెట్టుకున్న పట్టీ అది. కెన్యాలో 1977లోనే వేట నిషేధించారు. తుపాకులు పోయి కెమెరాలొచ్చాయి. పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు. జిరాఫీల గుంపు చూశామండీ అంటే "అవి సరేలెండి, చిరుతపులి పడిందా?" అంటారు. పడడమేమిటో!

మా తమ్ముడు ఉద్యోగరీత్యా నైరోబీలో ఉంటున్నాడు. వాడు మూడేళ్ళుగా పోరగా పోరగా ఓ ఆగస్టులో మావారూ నేనూ వెళ్ళాం. అక్కడినుంచి తమ్ముడు, మరదలు, వాళ్ళబ్బాయితో కలిసి మాసాయి మారాకి మూడు రోజుల ప్రయాణం. మారా అంటే మాసాయి భాషలో మచ్చలు మచ్చలుగా ఉన్నదని అర్థమట. పచ్చగడ్డి మైదానం మీద అక్కడక్కడ తుమ్మచెట్లు, వాటి నీడలు - పేరు సరిగ్గా పెట్టారు. 1510 చదరపు కిలోమీటర్ల ఈ నేల దక్షిణాన టాంజానియాలోని సెరెంగెటితో కలిసిపోతుంది. అది దీనికి దాదాపు పదింతలు. మధ్యలో కంచె లేదు. పదమూడు లక్షల వైల్డ్‌బీస్ట్‌లు గడ్డి వెతుక్కుంటూ ఏటా ఆ దేశంనుంచి ఈ దేశానికి వచ్చిపోతుంటాయి. జూలైనుంచి అక్టోబరు దాకా ఇటువైపు ఉంటాయి కనుక జనమూ అప్పుడే వస్తారు. అందం గురించి నేను కొత్తగా రాయనక్కర్లేదు. అసలు సంగతి వేరే ఉంది.

మొదటిరోజు పొద్దున్నే మా డ్రైవరు రేడియోలో గరగరమని ఏదో వినిపించింది. అందులో "దూమా" అన్నమాట ఒక్కటే మాకు అర్థమైంది. దూమా అంటే చీతా. (చిరుతపులి వేరు, చీతా వేరు. చీతాకి కళ్ళనుంచి మూతిదాకా కన్నీటి చారల్లా నల్లగా రెండు గీతలుంటాయి.) బండి ఒక్క ఉదుటున తిరిగింది. మేం చేరేసరికే అక్కడ బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఒక పుట్ట మీద చీతా తల్లి, కింద గడ్డిలో రెండు పిల్లలు. నేను ఊరికే ఉండలేక బండ్లు లెక్కపెట్టాను - ఇరవైమూడు. ఒక జంతువు దగ్గర అయిదు బండ్లకి మించి ఉండకూడదని అక్కడ నియమం. దూరంగా చిన్నజింకలు మేస్తున్నాయి. తల్లి చూపంతా వాటిమీదే. పుట్ట దిగింది, నాలుగడుగులు వేసింది, ముందో బండి వచ్చి నిలబడింది. పక్కకి తిరిగింది, అటూ బండే. మళ్ళీ పుట్ట ఎక్కి కూర్చుంది. అప్పుడు పక్క వ్యాన్‌లోంచి అచ్చ తెలుగు వినబడింది - "ఇంకొంచెం దగ్గరికి పోనివ్వు బాబూ!" ఆ డ్రైవరుకి తెలుగేం వస్తుంది? కానీ బండి కదిలింది. ఆ మాట ఏ భాషలో అన్నా వాళ్ళకి అర్థమైపోతుంది. ఈలోగా జింకలు వెళ్ళిపోయాయి.

చీతా సంగతి తెలిస్తేగాని ఆ పూట పోయిన వేట విలువేమిటో తెలియదు. సింహాలకి గుంపుంటుంది. ఆడసింహాలు కలిసి వేటాడతాయి, ఒకదాని పిల్లలకి ఇంకోటి పాలిస్తుంది. చీతా తల్లికి ఎవరూ లేరు. మగచీతా బిడ్డల మొహం కూడా చూడడు. దాదాపు ఏడాదిన్నరపాటు తిండీ, కాపలా, వేట నేర్పడం అన్నీ ఒక్కతే. రాత్రిళ్ళు సింహాలూ దుమ్ములగొండ్లూ తిరుగుతాయని ఎక్కువగా పగలే వేటకి వెళ్తుంది. పగలైతే మనం తిరుగుతాం! ఎంత వేగంగా పరుగెత్తినా ఆ పరుగు కొన్ని వందల మీటర్లే. ఆపైన రొప్పుతూ కూలబడాలి. అప్పుడు దుమ్ములగొండి వచ్చి లాక్కుపోతే చూస్తూ ఊరుకోవడమే - దెబ్బలాడి గాయపడితే పిల్లలకి దిక్కెవరు?

మారాలో చీతాలమీద పరిశోధన చేసిన ఫెంకే బ్రూక్‌హ్యూస్ అనే ఆవిడ 2018లో ప్రచురించిన లెక్కలు చదివాక ఆ ఇరవైమూడు బండ్లూ నా కళ్ళముందు మళ్ళీ నిలబడ్డాయి. బండ్లు తక్కువగా తిరిగేచోట చీతా తల్లి ఒక్కో ఈతకి సగటున 2.3 పిల్లల్ని పెంచి పెద్దచేస్తోంది. ఎక్కువగా తిరిగేచోట 0.2. అంటే అయిదు ఈతలకి ఒక్క పిల్ల! బండ్లు తొక్కేస్తున్నాయని కాదు. తల్లి బతుకుతీరే తారుమారవుతోంది కాబోలు.

మన ఆడవాళ్ళకి ఇది విడమర్చి చెప్పాలా? పసిబిడ్డతో బస్సెక్కి, బిడ్డ పాలకి ఏడుస్తుంటే, చుట్టూ ఉన్న చూపులకి జంకి పైటకొంగు సర్దుకుంటూ చెమటలు కక్కిన రోజులు మనలో ఎంతమందికి లేవు? కానుపైన మూడోరోజునుంచే వచ్చి మంచం చుట్టూ చేరేవాళ్ళంతా ప్రేమతోనే వస్తారు. తల్లికి కంటిమీద కునుకుండదు, అంతే. మనకైతే కనీసం ఓ అమ్మో అత్తగారో "ఇక బయటికి నడవండి" అని కసిరేవాళ్ళుంటారు.

తప్పు డ్రైవరుదేనా? మధ్యాహ్నం అతన్నే అడిగాను. "మామా, నేను ఆగిపోతే మా బండిలోవాళ్ళు రాత్రి భోజనాల దగ్గర పక్కబండివాళ్ళ ఫోటోలు చూస్తారు. నన్ను పనికిరానివాడంటారు" అన్నాడు. (అక్కడ ఆడవాళ్ళని గౌరవంగా మామా అంటారు. మావారికి మూడురోజులూ అదే నవ్వు.) సంసారం నడవాలంటే జీతం కన్నా చివరిరోజు మనమిచ్చే టిప్పే వాళ్ళకి ముఖ్యం. నియమాలు అతనికి మనకన్నా బాగా తెలుసు. వాటిని తప్పేలా చేస్తున్నది ఆ కవరే. పర్యాటకులు పెట్టే ఈ తొందర చీతాలతోనూ ఆగలేదు. 2025 జూలైలో ఉత్తర సెరెంగెటిలో వైల్డ్‌బీస్ట్‌లు నది దాటేచోట జనం బండ్లు దిగి దారికడ్డంగా నిలబడ్డ వీడియో లోకమంతా చూసింది.

మావారిది ఇంకో వాదం. "జూలై దాటితే ఒక్క మనిషికి రోజుకి 200 డాలర్ల రుసుం. విమానం ఖర్చు సరేసరి. జన్మకోసారి వచ్చినవాడు దూరంనుంచి దణ్ణం పెట్టి పోవాలా?" అన్నారు. రుసుం 2024నుంచి అలా ఉన్నమాట నిజమే. ఆయన మాటని తీసిపారేయను. అసలు వెళ్ళొద్దనడం నా ఉద్దేశం కానేకాదు. 2020లో కోవిడ్ వచ్చి జనం ఆగిపోతే అక్కడ ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలగడం కష్టమైందో మా తమ్ముడు కళ్ళారా చూశాడు. మారా చుట్టూ మాసాయి కుటుంబాలు తమ పొలాల్ని కలిపి వన్యప్రాణులకి వదిలి, సఫారీ క్యాంపులనుంచి కౌలు తీసుకుంటున్నాయి. ఆ కౌలు ఆగితే కంచెలు లేస్తాయి, గోధుమ చల్లుతారు. జంతువుకీ మనిషికీ కూడా మన డబ్బు కావాలి. ఆ కౌలు భూముల్లో బండ్ల సంఖ్యకి గట్టి కట్టడి ఉంటుంది కూడా. కాకపోతే ఖరీదెక్కువ.

అక్కడ కూడా పట్టాలు ఎక్కువగా మగవాళ్ళ పేర్లమీదే ఉన్నాయి సుమా! కౌలుడబ్బు వాళ్ళ చేతికే పోతుంది. మేం చూడబోయిన ఊళ్ళో మగపిల్లలు ఎత్తుకెత్తు ఎగిరి నాట్యం చేస్తే ఫోటోలన్నీ వాళ్ళకే. పేడా మట్టీ కలిపి ఆ ఇళ్ళు కట్టింది ఆడవాళ్ళని చెబితేగాని ఎవరికీ తెలియలేదు. వాళ్ళు పూసలదండలు పరుచుకుని ఓ పక్కన కూర్చున్నారు. బేరమాడడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు కదా, డాలర్లలో సగానికి సగం తగ్గించి అడిగారు. నాకు సిగ్గేసింది. మంచి వార్త ఒకటుంది - కెన్యాలోనే అంబోసెలి ప్రాంతంలో 2019నుంచి మాసాయి ఆడపిల్లలు అడవి కాపలాదారులుగా పనిచేస్తున్నారు. బోట్స్‌వానాలో చోబే దగ్గర ఒక లాడ్జిలో గైడ్లందరూ ఆడవాళ్ళేనట. ఆడవాళ్ళు నడిపితే బండి దూరంగానే ఆగుతుందని హామీ ఏమీ లేదనుకోండి. వెనక కూర్చున్నవాళ్ళు మారాలి కదా.

రెండోరోజు పొద్దున బయల్దేరేముందే డ్రైవరుతో చెప్పాం - అయిదు బండ్లుంటే మనం వెళ్ళొద్దు, దారి దిగొద్దు, టిప్పులో పైసా తగ్గదు అని. అతను నమ్మడానికి గంట పట్టింది. ఆపైన అసలు మనిషి బయటికొచ్చాడు. పేడపురుగు తనకన్నా పెద్ద ఉండని దొర్లించుకుపోవడం చూపించాడు. ఓ ఏనుగుల మందని రెండు గంటలు చూశాం. ముందు నడిచే ముసలి ఏనుగు వాటికి అమ్మమ్మలాంటిదట. అది ఆగితే అన్నీ ఆగాయి. ఇరవైరెండు నెలలు మోసి కన్న గున్నని మధ్యలో పెట్టుకుని నడిచాయి. చిరుతపులి మాత్రం కనిపించలేదు. రేడియోలో దాని కబురొచ్చింది, మేం వెళ్ళలేదు. మరదలు మొహం మాడ్చుకుంది. "మీరు బాగానే చెప్తారు వదినా, వీడు స్కూల్లో ఏం చెప్పుకోవాలి?" అంది. జవాబివ్వలేకపోయాను. ఆ పిల్లాడు ఇప్పటికీ అది తలుచుకుంటాడు.

మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియానుంచి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. రేపు మనవాళ్ళంతా వాటిని చూడ్డానికి బస్సులేసుకుని వెళ్తాం. అక్కడి జీపు డ్రైవరుకి తెలుగు నేర్పేస్తామేమోనని నా భయం.

మా వీధిలో రెండు కుటుంబాలు వచ్చే ఆగస్టుకి కెన్యా టికెట్లు కొన్నాయి. ఏం తీసుకెళ్ళాలని అడిగితే స్వెట్టర్లు తప్పనిసరన్నాను, పొద్దుటిపూట వణికించేస్తుంది. ఓ స్వాహిలీ మాట కూడా కాగితం మీద రాసిచ్చాను - "ఇనాతోషా". ఇక చాలు అని అర్థం. బైనాక్యులర్ మాత్రం సొంతానికి మంచిది కొనుక్కోమన్నాను. మేం అరువు తీసుకెళ్ళినదానికి ఒక కన్ను పనిచేయలేదు.