అమ్మ అడిగిన ప్రశ్న: మహానగర స్వతంత్ర చిత్రములును మన తెలుగును

భాషాశాఖ ప్రకటించు పరిశోధన సంచికలో చలనచిత్రములను గూర్చి, అందును మహానగరములలోని స్వలింగానురాగుల జీవితమును చూపు స్వతంత్ర చిత్రములను గూర్చి వ్రాయుట యేల యని పెద్దలు కొందఱు శంకింపవచ్చును. ఆ శంకకు సమాధానము నాకు గ్రంథాలయమున దొరకలేదు. ఖరగ్‌పూరు పట్టణములోని ఇందాలో, మా అక్కయ్యగారి యింట దొరికినది. కావున ముందుగా ఆ సంగతి విన్నవించెదను.

ఖరగ్‌పూరు బెంగాల్-నాగపూర్ రైల్వే కాలమున పెరిగిన పట్టణము. ఉత్తరాంధ్రము నుండి రైల్వే కొలువులకై వచ్చిన తెలుగువారి సంతతి అక్కడ నేటికిని విశేషముగా నున్నది. ఇంటిలో తెలుగు, వీథిలో హిందీ, అంగడిలో బంగాళీ, దరఖాస్తులో ఆంగ్లము: ఇది వారి దినచర్య. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగ నిశ్చయించినది ప్రధానముగా వీరిని దృష్టియం దుంచుకొనియే. చదువుకొన్న పిల్లలు హౌరా లోకల్ బండి యెక్కి కలకత్తా కొలువులకు పోవుదురు. సెలవుదినములకు ఇందాకు తిరిగి వత్తురు.

అట్లు వచ్చిన పిల్లలు కొందఱు ఒక వేసవి సాయంకాలమున మా అక్కయ్యగారి యింట ‘అలీగఢ్’ అను హిందీ చిత్రమును పెట్టిరి. పొరుగింటి యిల్లాలు ఒకామె తన కుమారునితో కూడ వచ్చి కూర్చుండెను. బజారు హిందీ తప్ప ఆమె కా భాష అంతగా రాదు. చిత్రము ముగిసిన పిమ్మట ఆమె కన్నులు తుడుచుకొని నన్నడిగినది: “అన్నయ్యగారూ, పాపం ఆ మాస్టారిని ఎందుకండీ ఉద్యోగంలోంచి తప్పించారు?”

గదిలో నెవ్వరును పలుకలేదు. ముప్పది సంవత్సరములుగా తెలుగు చెప్పి బ్రదుకుచున్న నేనును పలుకలేదు. ఆమె కుమారుడు నేలచూపులు చూచుచుండెను.

మఱునాడు రైలుస్టేషనునకు సాగనంపుటకు వచ్చి ఆ యువకుడే నన్నడిగెను: “మామయ్యగారూ, అమ్మ అడిగినదానికి తెలుగులో ఏ మాటతో చెప్పాలండీ? ఎప్పుడో ఒకనాడు నా గురించి కూడా చెప్పుకోవాలి కదా.” నాకు స్ఫురించిన మాట “స్వలింగ సంపర్కము” అనునది. అతడు చిన్నగా నవ్వి, “అది పోలీసు కాగితంలో రాసే మాటండీ” అనెను. అతని పేరు, కొలువు ఇచట ననవసరము. ఆ నవ్వు మాత్రము నన్ను వదలలేదు. ఈ వ్యాసమున కదియే కారణము.

‘అలీగఢ్’ చిత్రము కల్పితము కాదు. రామచంద్ర సిరస్ మరాఠీ కవి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమున ఆధునిక భారతీయ భాషల శాఖలో మరాఠీ బోధించి, ఆ శాఖకు అధ్యక్షుడుగ నుండెను. తెలుగు కూడ బోధింపబడు శాఖ అది. 2010 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇరువురు వ్యక్తులు కెమెరాతో ఆయన యింట చొరబడి, ఆయన మఱియొక పురుషునితో నుండగా చిత్రీకరించిరి. విశ్వవిద్యాలయము ఆయనను సస్పెండు చేసినది. ఆయన అలహాబాదు హైకోర్టు నాశ్రయించెను; ఏప్రిల్ 1న న్యాయస్థానము ఆ యుత్తరువును నిలిపివేసినది. ఏప్రిల్ 7న ఆయన తన అద్దెయింట మరణించి కనబడెను. హన్సల్ మెహతా దర్శకత్వమున, అపూర్వ అస్రానీ రచనతో ఈ వృత్తాంతము చిత్రమై 2016లో మన దేశమున విడుదలయినది. మనోజ్ బాజ్‌పాయీ ఆచార్యుని పాత్రను ధరించెను.

స్వరాష్ట్రమునకు వెలుపల తన భాషను బోధించుచు, క్వార్టరులో ఒంటిగా నుండు ఉపాధ్యాయుని జీవితము నాకు తెలియనిది కాదు. తన మాట తెలిసినవారు చుట్టు నలుగురైన లేని యూరిలో అభియోగమునకు గుఱియగుట యెట్టిదో, మన వృత్తిలోనివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ చిత్రమున నొక ఘట్టము భాషావేత్త లందఱు గమనింపదగినది. యువ పాత్రికేయుడు ఆయనను ‘గే’ అను మాటతో పేర్కొనగా, మూడక్షరముల ఆ ఆంగ్లపదములో తన హృదయ మెట్లు పట్టునని ఆచార్యుడు ప్రశ్నించును. పదము లేకపోవుట వేఱు. ఉన్న పదమున మనిషి పట్టకపోవుట వేఱు. సిరస్ రెండవ బాధను చెప్పెను. ఇందా యువకునకు రెండును గలవు.

ఈ దృష్టితో గత మూడు దశాబ్దముల స్వతంత్ర చిత్రములను పరిశీలించిన యెడల ఒక క్రమము గోచరించును. 1996లో రియాద్ వాడియా తీసిన ‘బామ్‌గే’ అను చిన్న చిత్రము బొంబాయి జీవితమును చూపినది. దానికి ఆధారము ఆర్. రాజ్‌రావు ఆంగ్ల కవితలు. 2003లో శ్రీధర్ రంగాయన్ తీసిన ‘గులాబీ ఆయినా’కు సెన్సారు బోర్డు ధ్రువపత్రము నిరాకరించినది. ఓనిర్ తీసిన ‘ఐ యామ్’ చిత్రమునకు నాలుగువందల మందికి పైబడిన దాతలు ధనసహాయము చేసిరి. అందలి నాలుగవ కథలో ముంబైనగరమున పోలీసు వేషముతో జరుగు బెదిరింపు, దోపిడి చిత్రింపబడినవి. 2011 సంవత్సరమునకు ఉత్తమ హిందీ చిత్రముగా జాతీయ పురస్కారము దానికి లభించినది. ఈ చిత్రములలో నగరము ఆశ్రయము, నగరమే ఉచ్చు. ఎవ్వరును ఎవ్వరి నెఱుగని తావు గనుక ప్రేమించుటకు చోటు దొరకును; ఎవ్వరును ఎఱుగని తావు గనుకనే ఆపదలో పిలుచుటకు మనిషి దొరకడు.

అయితే నగరము చోటిచ్చినది గాని మాట నియ్యలేదు. ‘ఐ యామ్’లో హిందీ, ఆంగ్లము, కన్నడము, మరాఠీ, బంగాళీ, కశ్మీరీ అను ఆఱు భాషలు వినబడును, తెలుగు లేదు. రంగాయన్‌గారి ‘ఈవెనింగ్ షాడోస్’ (2018) చిత్రమున ముంబైలోని కుమారుడు దక్షిణదేశపు చిన్నయూరికి వచ్చి తల్లికి తన సంగతి చెప్పుకొనును. ఆ సంభాషణము హృదయంగమమైనదే; కాని దక్షిణాది తల్లి తన కొడుకు రహస్యమును హిందీలో వినవలసి వచ్చినది. 2017లో వచ్చిన ఫరాజ్ అన్సారీ చిత్రము ‘సిసక్’లో ముంబై లోకల్ రైలునందు ఇరువురు పురుషులు ఒక్క మాటయు లేకయే ఒండొరులను వలతురు. చిత్రమంతయు మూకచిత్రము. అది కళాదృష్టితో సాధువే. మౌనము ఎంతకాలము కళగా నుండును, ఎప్పటినుండి నిర్బంధ మగును అనునది భాషావేత్తలు అడుగవలసిన ప్రశ్న.

మౌనము వీడి మాతృభాషలో పలికిన చిత్రములును కలవు. బంగాళీలో కౌశిక్ గంగూలీ ‘ఆరేక్‌టి ప్రేమేర్ గల్పో’ (2010) తీసి, జాత్రా రంగమున స్త్రీపాత్రలు ధరించిన చపల్ భాదురీ జీవితమును, ఋతుపర్ణ ఘోష్ నటించిన నేటి దర్శకుని జీవితమును ప్రక్కప్రక్కన నిలిపెను. ఆయనయే ‘నగర్‌కీర్తన్’లో కలకత్తా నగరపు ప్రేమకథకు వైష్ణవ కీర్తనసంప్రదాయమును నేపథ్యము చేసెను. నాయిక అందు హిజ్రా సముదాయమునకు చేరినది గనుక అది వేఱొక జీవితమే. అయినను ఇంటి పాటలోనుండి కథ పుట్టుట గమనింపదగినది. మరాఠీలో రోహన్ కానవడే తీసిన ‘సాబర్ బోండ’, అనగా నాగజెముడు పండు, 2025లో సన్‌డాన్స్ చిత్రోత్సవమున ప్రపంచ కథాచిత్రముల విభాగపు అత్యున్నత బహుమతి నందినది. ముంబైలో నుండు యువకుడు తండ్రి మరణించగా పల్లెకు పోయి, పది దినములు మైల పట్టి, చిన్ననాటి చెలికానిని మఱల కలియును. కొడుకు మనసు తల్లికి తెలియును. ఉపన్యాసము లేదు; మరాఠీ పల్లె యింటి మాటలే చాలినవి. ఆ చిత్రమును మన దేశపు ప్రేక్షకులకు అందించినవారిలో తెలుగువాడైన రానా దగ్గుబాటి సంస్థ యుండుట మనకు సంతోషము. మరాఠీ తల్లికి లభించిన మాట తెలుగు తల్లికింకను లభింపకుండుట మనకు కొఱత.

మన తెలుగు తెర సంగతి విజ్ఞులకు తెలియనిది కాదు. ఇట్టి మనిషి ప్రధానముగా హాస్యఘట్టములకే పనికివచ్చెను. “తేడా” అను ఒక్క మాటతో జనమును నవ్వించుట సంభాషణ రచయితలకు సులభోపాయ మయినది. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన ‘అ!’ చిత్రము రాధ, క్రిష్ అను ఇరువురు స్త్రీల ప్రేమను ఎగతాళి లేకుండ చూపినది, మెచ్చుకొనవలసినదే. కాని ఆ కథలోని పాత్రలన్నియు తుదకు ఒక స్త్రీ మనస్సులోని ఛాయలని తేలును. గౌరవము లభించిన ఆ జంటకును హైదరాబాదు వీథిలో ఒక యిల్లు లభింపలేదు. సాహిత్య మీవిషయమున కొంత ముందున్నది. రేవతి ఆత్మకథను పి. సత్యవతిగారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెనిగించి, 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము నందిరి. ఆ గ్రంథములోని జీవితము వేఱు, మన ప్రస్తుత విషయము వేఱు. అయినను తెలుగు వాక్యము ఇట్టి బరువును మోయగలదని అది నిరూపించినది.

ఇచట మూడు ఆక్షేపణలు పొడసూపును. ఇది విదేశములనుండి దిగుమతియైన భావమని మొదటిది. దిగుమతియైనది శిక్ష: 377వ సెక్షను ఆంగ్లప్రభుత్వము 1860లో చేసిన శిక్షాస్మృతి లోనిది. పరస్పర సమ్మతితో వయోజనుల నడుమ జరుగుదానికి ఆ సెక్షను వర్తింపదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినది. వివాహపు హక్కును గూర్చి 2023 అక్టోబరు 17న తీర్పు వెలువడిన వ్యాజ్యమున, కోర్టు ఆ హక్కును గుర్తింప నిరాకరించినను, మొదటి అర్జీదారులైన జంట హైదరాబాదు నివాసులే. కావున నిది దూరదేశపు వార్త కాదు.

ఇట్టి చిత్రములు ఆంగ్లము చదివిన నగరవాసుల కథలే యని రెండవది. ఇది పాక్షికముగ సత్యము. ఆ లోపమును నేనును అంగీకరింతును. కాని సిరస్‌తో పాటు నిందకు గుఱియైన వ్యక్తి రిక్షా త్రొక్కువాడు. ఆయన కథ యెవ్వరును తీయలేదు. దేశభాషలలో మాట ఏర్పడిననే అట్టివాని కథ వెలికి వచ్చును.

మనకు ప్రాచీన సంప్రదాయము చాలును, క్రొత్త మాటలేల యని మూడవది. ఈ వాదము చేయువారు తిక్కన బృహన్నలను, స్థానం నరసింహారావుగారి సత్యభామను చూపుదురు. వారిపై నాకు నున్న గౌరవ మెవ్వరికిని తీసిపోదు. కాని అజ్ఞాతవాసపు వేషము ఒకటి, రంగస్థలమున స్త్రీపాత్రధారణము ఒకటి, పురుషుడు పురుషుని ప్రేమించుట వేఱొకటి. మూటిని కలగాపులగము చేయుట పాండిత్యము కాదు.

ఇక మనము చేయదగిన పనులు. తమిళనాడు ప్రభుత్వము మద్రాసు హైకోర్టు ప్రేరణతో 2022లో ఇట్టి జీవితములకు సంబంధించిన గౌరవపదముల పట్టికను గెజెట్టులో ప్రకటించినది. తెలుగు శాఖలన్నియు కూడి, ఆ జీవితము గడుపువారినే ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అట్టి పనికి పూనుకొనవలెను. పండితులు మాత్రమే కూర్చుండిన యెడల మఱియొక “సంపర్కము” పుట్టును. ఆ పదములోని దోషము చూడుడు: ఒక జీవితమునంతయు ఒక్క దేహక్రియకు కుదించును. భార్యాభర్తల దాంపత్యమును మన మెన్నడైన “భిన్నలింగ సంపర్కము” అందుమా?

రెండవ పని ఇంతకంటె సులభము. ‘అలీగఢ్’, ‘సాబర్ బోండ’, ‘నగర్‌కీర్తన్’ వంటి చిత్రములకు తెలుగు ఉపశీర్షికలు వ్రాయుటను అనువాద విద్యార్థులకు అభ్యాసముగ నీయవచ్చును. తెరమీద రెండు పంక్తులకు మించి చోటుండదు; కొన్ని క్షణములలో చదువరి కన్ను దానిని దాటవలెను. అచట సమాసములు నిలువవు, నోటిమాటయే నిలుచును. ఏ నిఘంటువు నేర్పని పాఠమును ఆ ఇఱుకుచోటు నేర్పును.

నేనే ఆ యభ్యాసము చేసి చూచితిని. నామవాచకముకొఱకు వెదకినంతసేపు నాకేమియు దొరకలేదు. క్రియకొఱకు వెదకగా తెలుగు తలుపు తెఱచుకొనెను. మనసు పడుట, మనసిచ్చుట, వలచుట, ఇష్టపడుట: ఇవి యన్నియు స్త్రీపురుష భేదము నడుగని మాటలు. వీనిని మనము తరతరములుగా ప్రేమకే వాడితిమి. ఒక వర్గపు ప్రేమకు మాత్రము వీనిని నిషేధించి, సంస్కృతసమాసమునకో బజారు తిట్టునకో అప్పగించితిమి.

ఆ యిల్లాలి కుమారుని సంగతి ఆమెకు చెప్పుట నా పని కాదు. అది అతని హక్కు, అతడు చెప్పుకొను వేళ అతనిది. మరాఠీ మాస్టారి సంగతి చెప్పుట మాత్రము నా పనియే. ఆమె అడిగిన ప్రశ్న తెలుగు ఆచార్యు నడిగిన తెలుగు ప్రశ్న. వచ్చు సెలవులలో ఇందాకు పోయినపుడు, ఆ కుమారుడు ప్రక్కన కూర్చుండి వినుచుండగా, ఆమెకు చెప్పవలసిన సమాధానమును ఇపుడే వ్రాసి పెట్టుకొంటిని: “ఆయన ఇంకొక మగమనిషి మీద మనసు పడ్డాడమ్మా. వేరే తప్పేమీ చెయ్యలేదు. అందుకే తప్పించారు.”